పడవలో ఒక తల ఎక్కువ

లెక్కల టీచర్లుగా కొత్తగా చేరుతున్న మీరు నన్ను ఏమైనా అడగండి, తెలిసింది చెప్తాను. దయ్యాలు ఉన్నాయా అని మాత్రం అడక్కండి. ఉన్నాయంటే లెక్కల టీచర్ అనాల్సిన మాటేనా అంటారు. లేవంటే నేను అబద్ధమాడినట్టు అవుతుందేమోనని నాకే అనుమానం. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తేల్చుకోవడం మీ పని.

నేను చదువు ఆలస్యంగా నేర్చినదాన్ని. దివిసీమలో సముద్రం పక్కన చేపలు పట్టుకునే గూడెంలో పుట్టాను. ఉప్పెన వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. అప్పటికే నేను ఓణీలకి వచ్చిన పిల్లని. మా అమ్మ చేపల తట్టతో ఊళ్ళమ్మట తిరుగుతుంటే వెనకాల నోటిలెక్కలు కట్టేదాన్ని, అంతే. ఉప్పెన మా ఇంటినీ, మా నాన్ననీ, చంకబిడ్డగా ఉన్న మా తమ్ముణ్ణీ తీసుకుపోయింది. నాన్న శవం దొరికింది. తమ్ముడిది దొరకలేదు. తర్వాత బందరులో మిషను హాస్టల్లో చేర్చి, అంతలావు పిల్లని ఒకటో తరగతి వాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. అక్షరాలు నన్ను ఏడిపించాయి గానీ అంకెలు ఏడిపించలేదు. అలా పాకుతూ పాకుతూ బి.ఎడ్ దాకా వచ్చి, హైస్కూల్లో లెక్కల టీచర్‌నై, సర్వీసు చివరి సంవత్సరాల్లో మళ్ళీ మా సముద్రం దగ్గరికే బదిలీ అయ్యాను.

ఈ సంగతి ఆ బడిలో జరిగింది.

టెన్త్‌లో త్రికోణమితి అనువర్తనాలని ఒక పాఠం ఉంటుంది. టవరుకి ఇంత దూరంలో నిలబడి చూస్తే కోణం ఇంత, ఎత్తు ఎంత అని అడుగుతారు. పుస్తకంలో టవరు బొమ్మ అంగుళం ఉంటుంది. అంగుళం బొమ్మని చూసి పిల్లలు ముప్ఫై మీటర్లని రాస్తారు, మనం టిక్కు పెడతాం. అది నాకు నచ్చేది కాదు. అందుకని ప్రొట్రాక్టర్‌కి దారం కట్టి, దారానికి రాయి కట్టి, ఒక గొట్టంలోంచి చూసేలా పిల్లల చేతే క్లినోమీటర్లు చేయించాను. ముందు బడి ఆవరణలో ఉన్న నీళ్ళ ట్యాంకు ఎత్తు కొలిపించాను.

ఆ ట్యాంకు దగ్గరే ఉయ్యూరు పిల్లని మొదటిసారి పట్టించుకున్నాను. ఆ సంవత్సరమే కొత్తగా చేరింది. అమ్మానాన్నా ఉయ్యూరు వైపు చెరుకు నరికే పనులకి తిరిగేవాళ్ళు, దీన్ని ఇక్కడ అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టారు. పిల్లలు దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. “ఉయ్యూరూ” అనేవాళ్ళు. కోపమొస్తే “చెరుకుపిప్పీ” అనేవాళ్ళు. ఎవరి పక్కనా కూర్చునేది కాదు. చివరి బెంచీలో గోడ పక్కన కూర్చుని, పిలిస్తే తప్ప పలికేది కాదు.

అందరికీ ఒక జవాబు వస్తే దీనికి కొంచెం తక్కువ వచ్చింది. చూస్తే తన ఎత్తు కలపలేదు. టాన్‌తో కట్టిన ఎత్తు మన కంటి దగ్గర్నుంచి పైకే. కంటి కింద మనం ఉంటాం గదా, అది కలపాలి.

“ట్యాంకు పైనుంచి నీ కంటి దాకా కొలిచావు. కంటి కింద నువ్వు లేవా? గాల్లో తేలుతున్నావా?” అన్నాను.

“కాళ్ళు లేవేమో టీచర్, దయ్యమేమో!” అని ఒకడు వెనకనుంచి అరిచాడు. అందరూ పకపకా నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. తల వంచుకుని తన పాదాలకేసి ఒకసారి చూసుకుని, మళ్ళీ కట్టింది.

తర్వాత లైట్‌హౌస్ అనుకున్నాం. నది సముద్రంలో కలిసే చోట, మడ అడవి అవతల ఉంటుంది. అక్కడికి పడవే దారి. హెడ్మాస్టరు “ఎందుకమ్మా, ట్యాంకు కొలిచారు గదా, ఎత్తు ఎక్కడైనా ఎత్తే” అన్నారు. నేను వినలేదు. నాకు తోడుగా సైన్సు మాస్టారు వస్తానన్నాడు. గుడివాడ మనిషి, కుర్రవాడు, చర్చిలో గిటారు వాయించేవాడు. నన్ను అక్కగారూ అని పిలిచేవాడు. దయ్యం దేవుడు రెండూ ఒకే నోట్లో పెట్టొద్దని వాదించేవాడు. మంచివాడు.

మా పడవ నడిపే ముసలాయన మా గూడేనికి పక్క గూడెం వాడు. నేను మావయ్యా అంటాను. వరస ఏమిటో ఇద్దరికీ తెలియదు.

ఆ రోజు పొద్దున రేవు మీద మంచు పట్టేసింది. అవతలి గట్టు కనిపించడం లేదు. పిల్లలు చలికి ముడుచుకుని నిలబడ్డారు. మావయ్య ఒక ఖాళీ తట్ట పడవ ముందుభాగంలో పెట్టాడు.

“ఒక్కోళ్ళు ఒక్కో ఆల్చిప్ప ఏరుకోండమ్మా. ఎక్కేటప్పుడు ఇందులో ఎయ్యాల. ఇంటికొచ్చి దిగేటప్పుడు ఒకటి తీసుకోవాల. తట్ట ఖాళీ అయితే అందరం వచ్చేసినట్టు.”

“అక్కగారూ, ఇది మీ సబ్జెక్టేనండీ. ఒకదానికి ఒకటి. తొమ్మిదో తరగతి వాళ్ళకి కూడా అర్థమైపోద్ది” అన్నాడు సైన్సు మాస్టారు.

ఇది మా వైపు చేపలవాళ్ళ పద్ధతి. పడవలో తలలు లెక్కపెట్టరు. ఎంతమందో నోటితో అంటే సముద్రం వింటుందని మావాళ్ళ నమ్మకం. గట్టుమీద ఎవరైనా “ఎందరున్నారోయ్” అని అడిగితే “సరిపడా ఉన్నాం” అంటారు గానీ అంకె చెప్పరు. మా నాన్న కూడా అంతే. కానీ నేను ఆ రోజు మా నాన్న కూతురుగా రాలేదు, గవర్నమెంటు టీచర్‌గా వచ్చాను. పిల్లలు నా పూచీ. అందరూ ఎక్కాక లెక్కపెట్టాను.

రావాల్సింది ఇరవై నాలుగు మంది. ఇరవై ఐదు వచ్చింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఇరవై ఐదే.

“మీరు మిమ్మల్ని కలిపేసుకున్నారండీ” అన్నాడు సైన్సు మాస్టారు.

“నేను పిచ్చిదాన్నేం కాదు. నువ్వు పెట్టు.”

అతను వేలితో చూపిస్తూ, పెదాలు కదుపుతూ పెట్టాడు. ఆగిపోయాడు. వెనకనుంచి ముందుకి మళ్ళీ పెట్టాడు. “ఎవరో కదిలినట్టున్నారు” అన్నాడు. క్లాసు లీడరు పిల్లని పెట్టమన్నాను. ఆ పిల్ల గబగబా పెట్టి “ట్వెంటీ ఫైవ్ టీచర్” అంది.

“ఎవరే తమ్ముణ్ణో చెల్లినో ఎక్కించుకొచ్చింది?” అని గట్టిగా అడిగాను. అందరూ లేదన్నారు. ఒక్కొక్క మొహం చూసుకుంటూ వచ్చాను. ఏ మొహం చూసినా నా క్లాసు పిల్లదే. తెలియని మొహం ఒక్కటీ లేదు. మొహాలు సరిగానే ఉన్నాయి, మొత్తమే ఎక్కువ ఉంది. ఇది మీకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. కూడికలో ప్రతి అంకె సరిగ్గా ఉండి, కింద మొత్తం తప్పు వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

మావయ్య నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“లెక్కెట్టొద్దని నీకు ఎవుళ్ళూ సెప్పలేదా పంతులమ్మా? మన గూడెంలో పుట్టినదానివేనా నువ్వు?”

“ఇరవై ఐదు వస్తంది మావయ్యా.”

“మనోళ్ళెవరో ఎక్కుంటార్లే. అల్లరి చెయ్యరు. తోడొస్తారు. పోనీ.”

ఆయన అలా అంటుంటే నాకు ఒళ్ళు జలదరించిన మాట నిజం. కానీ ఆశ్చర్యపోలేదు. అది మీకు వింతగా ఉండొచ్చు. ఉప్పెనలో పోయి, శవం దొరకనివాళ్ళు లేని ఇల్లు మా వైపు అరుదు. వాళ్ళు ఎక్కడో దగ్గర్లోనే ఉన్నట్టు మావాళ్ళు మాట్లాడతారు. అన్నం వండేటప్పుడు పిడికెడు ఎక్కువ వేస్తారు. ఎందుకని అడిగితే అలవాటంటారు. కాబట్టి ఒక తల ఎక్కువ వస్తే మావాళ్ళు నోరు మూసుకుంటారు. నేనూ మూసుకున్నాను. మావయ్య ఇంజను తిప్పాడు.

సైన్సు మాస్టారు ఒక్కడే దారి పొడుగునా నవ్వాడు. “అక్కగారూ, ఎగ్‌స్ట్రా వాడికి కూడా అడ్మిషన్ ఇప్పించాలేమోనండీ.”

లైట్‌హౌస్ దగ్గర పిల్లల్ని నలుగురేసి చొప్పున జట్లు కట్టించాను. ఆరు జట్లు సరిగ్గా కుదిరాయి, ఎవరూ మిగల్లేదు. అది చూసి నా మనసు కుదుటపడింది. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచాం. మా ఇద్దరికీ, మావయ్యకీ, పిల్లలందరికీ వంటామె లెక్క ప్రకారం కట్టి ఇచ్చింది. అందరి చేతుల్లో పొట్లం ఉంది. సైన్సు మాస్టారికి మాత్రం లేదు.

“వంటామె లెక్కలు కూడా మీ దగ్గరే నేర్చుకున్నట్టుందండీ” అన్నాడు. నేను నా పొట్లంలో సగం పెట్టాను. అతను తిన్నాడు గానీ, తింటూ పిల్లలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇక నవ్వలేదు.

మధ్యాహ్నం కొలతలు బాగానే సాగాయి. ఇసుకలో టేపు పరుస్తూ, గొట్టాల్లోంచి ఒక కన్ను మూసి చూస్తూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటూ పిల్లలు చాలా సంతోషంగా ఉన్నారు. ఉయ్యూరు పిల్ల ఈసారి తన ఎత్తు కలిపింది. దాని జవాబు మిగతావాళ్ళ జవాబుకి దగ్గరగానే వచ్చింది. కాగితం నాకు చూపించి, “ఇంకోచోటి నుంచి కొలిచినా ఇంతే రావాలి గదండీ?” అని అడిగింది. “రావాలి” అన్నాను. అంతకుముందు అది నన్ను ప్రశ్న అడగడం నాకు గుర్తులేదు.

పొద్దు వాలుతుండగా మావయ్య కేకలు మొదలుపెట్టాడు. పోటు తిరిగింది, ఎక్కండి, ఎక్కండి అని. మా పిల్లలకి పోటంటే చెప్పక్కర్లేదు. నీళ్ళు ఎంత మెల్లగా వచ్చి ఎంత తొందరగా మెడ దాకా వస్తాయో వాళ్ళు ఇళ్ళల్లోనే నేర్చుకుంటారు. ఉరుక్కుంటూ వచ్చి ఎక్కేశారు. “అందరూ ఎక్కేశారు టీచర్!” అని లీడరు పిల్ల అరిచింది. తీరంలో ఎవరూ కనిపించలేదు. కదిలాం.

పాయలో కొంత దూరం వచ్చాక ఇంజను దగ్గి ఆగిపోయింది. నీళ్ళలో తిరిగే పంకాకి ఎవరిదో తెగిన వల చుట్టుకుంది. మావయ్య కత్తి పట్టుకుని వంగాడు. ఇంజను ఆగేసరికి అంత నిశ్శబ్దం నేను ఎరగను. గాలి పడిపోయింది. మళ్ళీ మంచు దిగుతోంది. చలికి పిల్లలందరూ చున్నీలూ తువ్వాళ్ళూ తలలకి చుట్టుకుని ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. వెనక లైట్‌హౌస్ బూడిదరంగులో చిటికెనవేలి గోరంత కనిపిస్తోంది.

అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.

సైన్సు మాస్టారు కూడా పెడుతున్నాడని అతని పెదాలు చూస్తే తెలిసింది. “ఇరవై నాలుగండీ!” అన్నాడు. పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. “పొద్దున మంచులో కళ్ళు మోసం చేశాయండీ. చూశారా.”

నాకూ సంతోషమేసింది. ఎందుకైనా మంచిదని పేర్లు కూడా పిలిచాను. హాజరుపట్టీ బడిలో ఉంది, కానీ పేర్లు నాకు కంఠతా వచ్చు. వరసగా పిలుస్తూ పోయాను. ప్రతి పేరుకీ “ప్రెజెంట్ టీచర్” వినిపించింది. ఉయ్యూరు పిల్ల పేరుకి కూడా వినిపించింది. సన్నగా, నా మోకాలి పక్కనుంచి అన్నట్టు వినిపించింది. చివరి పేరు దాకా పిలిచాను. అందరూ పలికారు.

అప్పుడు కూర్చున్నాను. కూర్చున్నాక భయం వేసింది.

పొద్దున నేను పెడితే ఇరవై ఐదు, అతను పెడితే ఇరవై ఐదు, లీడరు పిల్ల పెడితే ఇరవై ఐదు. పొరపాటైతే ఒక్కొక్కరికి ఒక్కోలా రావాలి. ఎవరు కొలిచినా ఒకేలా వచ్చేదాన్ని పొరపాటు అనకూడదని నేనే క్లాసులో చెప్తాను. టేపు మొదట్లో ఒక సెంటీమీటరు తెగిపోయి ఉంటే, ఎవరు కొలిచినా ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. ఆ టేపుతోనే సాయంత్రం కొలిచి తేడా రాలేదంటే టేపు బాగుపడిందని కాదు. కొలిచిన వస్తువే మారిందని. పొద్దున్నుంచి ఒకటి ఎక్కువగా నడిచిన లెక్క ఇప్పుడు సరిపోయిందంటే ఒకటి తగ్గింది. తగ్గింది ఏది?

“మావయ్యా, తట్ట ఇటియ్యి” అన్నాను.

“రేవు సేరకుండా తియ్యకూడదు.”

లేచి నేనే తెచ్చి పిల్లల్లోకి పంపాను. “తలా ఒక చిప్ప తీసుకోండి. ఒక్కటే.” తట్ట చేతులు మారుతూ మసకలోకి వెళ్ళి, మసకలోంచి తిరిగి వచ్చింది. అడుగున ఒక ఆల్చిప్ప ఉంది.

మావయ్య దాన్ని చూసి కత్తి కింద పెట్టాడు. ఆయన మొహంలో బిగువు పోయి తేలిక వచ్చింది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

“దిగిపోయారు. వచ్చినోళ్ళు వాళ్ళ సోట వాళ్ళు దిగిపోయారు. అది వాళ్ళదే, అట్టా ఉంచెయ్యి. ఎనక్కి మాత్రం సూడమాక.”

“దిగింది వాళ్ళేనని నీకెవరు చెప్పారు?”

“నువ్వే గదా పేర్లు పిలిసావు. పిల్లలందరూ పలికారు.”

“అవునండీ అక్కగారూ” అన్నాడు సైన్సు మాస్టారు. “తల సరిపోయింది, పేరు సరిపోయింది. చిప్ప ఎవడో కొంటెగా రెండు వేసుంటాడు. పోటు మీద వెనక్కి వెళ్దామా ఇంతమందినేసుకుని? దేనికి? ఎవరి కోసం?”

నిజమే. ఎవరి కోసమో నాకు తెలియదు. ఒకాయనకి దయ్యాలు ఉన్నాయి కాబట్టి అంతా సరిపోయింది. ఇంకొకాయనకి దయ్యాలు లేవు కాబట్టి అంతా సరిపోయింది. మధ్యలో నేను. ముందు రేవులో తల్లులు ఎదురుచూస్తున్నారు. పడవ నిండా పిల్లలు. పాయ మూతి దగ్గర చీకటి పడితే అల ఎలా లేస్తుందో నాకు తెలియంది కాదు. అది తెలిసే అన్నాను.

“పొద్దున ఇరవై ఐదు ఎక్కాయి. ఇప్పుడు ఇరవై నాలుగు ఉన్నాయి. దిగింది నీవాళ్ళో నావాళ్ళో నాకు తెలీదు. తెలీనప్పుడు నావాళ్ళనే అనుకుంటా. తిప్పు.”

“పంతులమ్మా...”

“తిప్పుతావా, నన్ను దిగమంటావా?” అని చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపాను. ఈత మర్చిపోయే వంశం కాదు మాది. మావయ్య నోట్లో ఏదో గొణుక్కుని, వల చివరి ముక్క కోసేసి, ఇంజను తిప్పాడు.

 వెనక్కి వెళ్తున్నంతసేపూ నేను పిల్లలకేసి తిరిగి చూడలేదు. చూడాలనిపించింది, చున్నీలు తీయించి ఒక్కొక్క మొహం చూడాలనిపించింది. చూడలేదు. వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరు ఉన్నారో చూస్తే పడవ ముందుకు పోనివ్వగలనని నాకు నమ్మకం లేదు. ముందు నిలబడి నీళ్ళకేసే చూశాను.

పొద్దున మేము దిగిన బురదమేట ఇప్పుడు లేదు. నీళ్ళే. ఆ నీళ్ళ మధ్య, లైట్‌హౌస్‌కి ఇటు పక్కన, మడచెట్ల వరస చివర తెల్లగా ఏదో కనిపించింది. కొంగ అనుకున్నాను. కొంగ అంత ఎత్తున ఉండదు.

“పిల్ల!” అని మావయ్య అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. దయ్యాన్ని చూసి భయపడని మనిషి పిల్లని చూసి వణికిపోయాడు. ఇంజను కట్టేసి, పడవ ఆగకముందే దూకాడు.

ఉయ్యూరు పిల్ల మడచెట్టు కొమ్మని కావలించుకుని, ఆ చెట్టు వేళ్ళ మీద నిలబడి ఉంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. రెండో చోటి నుంచి కొలవడానికి చెట్ల వెనకగా, నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బయటపడిన మేట మీదికి వెళ్ళింది. గొట్టంలోంచి పైకి చూసేవాళ్ళకి కాళ్ళ దగ్గరికి వచ్చిన నీళ్ళు కనిపించవు. మా పిల్లలైతే వెళ్ళరు. దానికి చెరుకుతోట తెలుసు గానీ సముద్రం తెలియదు. అది తిరిగి చూసేసరికి తనకీ ఒడ్డుకీ మధ్య నీళ్ళున్నాయి. అంతలో పడవ వెళ్ళిపోయింది.

మావయ్య ఎత్తి ఇస్తే నేనూ సైన్సు మాస్టారూ లాగాం. ఒళ్ళంతా చల్లబడిపోయి ఉంది. నా చీర కొంగు కప్పి, మావయ్య కంబళి చుట్టాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఏడవలేదు. నాకేసి కోపంగా చూసింది.

“పిలిచారు గదండీ” అంది.

“ఎవరమ్మా?”

“మీరేనండీ. పేర్లు పిలిచారు. నా పేరు కూడా పిలిచారు. ప్రెజెంట్ టీచర్ అన్నాను గదండీ. ఎంత గట్టిగా అన్నానో! మీరు ఆగలేదు. నా తర్వాత పేరుకి వెళ్ళిపోయారు.”

నేను కంబళి ఇంకొంచెం బిగించి చుట్టాను.

నీళ్ళ మీద, గాలి లేనప్పుడు, మంచు పట్టినప్పుడు శబ్దం చాలా దూరం వస్తుందని సైన్సు మాస్టారు ఆ తర్వాత నాకు బొమ్మ గీసి చూపించాడు. రావొచ్చు. నేను కూడా ఒక బొమ్మ గీశాను. లైట్‌హౌస్ ఎత్తు ఆ రోజే కొలిచాం. ఇంజను ఆగిన చోటి నుంచి, చెయ్యి చాపి చూస్తే, అది నా చిటికెనవేలి గోరంత కనిపించింది. ఎత్తు తెలిస్తే, కోణం తెలిస్తే దూరం కట్టడం టెన్త్ పిల్లలకి కూడా వచ్చు. కట్టాను. ఏ పిలుపూ అందే దూరం కాదు. అతనికి చూపించాను. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైగా నా పిలుపు అక్కడిదాకా వెళ్ళిందనుకున్నా, దాని జవాబు నా మోకాలి పక్కనుంచి ఎలా వచ్చింది?

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో మావయ్య తట్టలో మిగిలిన ఆల్చిప్ప తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. తట్ట ఖాళీ అయింది. ఖాళీ అయితే అందరం వచ్చేసినట్టు అని పొద్దున ఆయనే చెప్పాడు. ఎందరం అని మాత్రం ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. రేవులో పిల్లలు ఒక్కొక్కరే దిగుతుంటే సైన్సు మాస్టారు పక్కన నిలబడి పెదాలు కదుపుతూ ఉన్నాడు. చివరి పిల్ల దిగాక అతను పడవలోకి వంగి చూశాడు. తర్వాత నాకేసి చూసి నోరు తెరిచాడు.

“చెప్పొద్దు” అన్నాను.

అతను చెప్పలేదు. తర్వాత నేను రిటైరయ్యేదాకా ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నాం, ఒకే ఫ్లాస్కులో టీ తాగాం. అన్నిటి మీదా జోకులు వేసేవాడు. దీని మీద ఒక్కటీ వేయలేదు.

హెడ్మాస్టరు నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను. పిల్లని వదిలేసి కదిలిన పడవకి టీచర్‌ని నేనే, ఆ మెమో న్యాయమే. ఆ పిల్ల రెండు రోజులు జ్వరంతో పడుకుని బడికి వచ్చింది. తడిసి ముద్దయి ఆరిన కాగితం నా బల్ల మీద పెట్టింది. రెండు చోట్ల నుంచి కట్టిన ఎత్తు. రెండూ ఒకటే. రెండిట్లోనూ తన ఎత్తు కలిపింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఉయ్యూరూ అని పిలవలేదు. లీడరు పిల్ల వచ్చి పక్కన కూర్చునేది.

మీరు రేపు క్లాసుకి వెళ్ళి తల వంచుకుని పేర్లు చదువుతారు, గొంతు వినిపిస్తే టిక్కు పెడతారు. నేనూ ముప్ఫై ఏళ్ళు అంతే చేశాను. గొంతు వినిపిస్తే మనిషి ఉన్నట్టేనని మనకి ఎవరు చెప్పారో తెలియదు. ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్ళూ ఒక్కొక్క పేరుకీ తలెత్తి, పలికిన నోరు ఎక్కడుందో చూసి, కళ్ళల్లోకి చూసి అప్పుడు తర్వాతి పేరుకి వెళ్ళేదాన్ని. పీరియడ్‌లో పావు వంతు హాజరుకే పోతోందని హెడ్మాస్టరు గొడవపెట్టేవారు. పోనీ అనేదాన్ని.

ఇంకొకటి కూడా చేసేదాన్ని. అది ఆయనకి చెప్పలేదు. చివరి పేరు పిలిచి, చివరి పిల్ల మొహం చూశాక, పట్టీ మూసేముందు కొంచెంసేపు ఊరికే ఆగేదాన్ని. పిల్లలకి అది అలవాటైపోయింది. వాళ్ళూ కదలకుండా కూర్చునేవాళ్ళు. ఎవరూ పలికేవారు కాదు. అయినా ఆగేదాన్ని.